చెక్కభజనకు మైకు పెట్టిన రాత్రి

కడప జిల్లా లింగాలలో పొద్దు గూకుతోంది. అరటి గెలలు ఎక్కించుకున్న లారీ ఒకటి ఇంజను ఆపకుండానే రోడ్డు వార నిలబడి ఉంది. వీధి మొగదల ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటోంది. గుడి వెనక ఇంట్లో టీవీ సీరియలు, సందు చివర కుక్కలు, గుడి వరండాలో ట్యూబులైటు చోకు పెట్టే సన్నని రొద. ఇవన్నీ రోజూ ఉండేవే కాబట్టి ఊళ్ళో ఎవరికీ వినపడవు. మీకు మాత్రం ఈ రాత్రి వినపడాలి. మీ సంచిలో ల్యాప్‌టాప్, యూఎస్‌బీ మైకు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోను ఉన్నాయి. కాసేపట్లో రాములవారి గుడి ముందు చెక్కభజన మొదలవుతుంది. దాన్ని రికార్డు చేసుకుపోదామని వచ్చారు. ఇంతకు ముందు ఫోనులో మాట రికార్డు చేయడం తప్ప వేరే అనుభవం లేదు.

ల్యాప్‌టాప్ తెరవకముందే కాసేపు అరుగు మీద కూర్చుని చెవి పెట్టి వినండి. మనిషి చెవి తనకు కావలసింది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. లారీనీ కుక్కనీ రాములవారి పాటనీ ఒకే వరసలో కూర్చోబెడుతుంది. రేపు కంప్యూటరు ముందు గంటసేపు పడే పాటు ఇప్పుడు నాలుగడుగులు నడిస్తే తప్పిపోతుంది. లారీ దగ్గరికి వెళ్ళి "అన్నా, భజన అయ్యేదాకా ఇంజను ఆపుతావా?" అని అడగండి. ఆపుతాడు. గుడి వెనక ఇంటి గుమ్మంలో నిలబడి "అక్కా, టీవీ కొంచెం తగ్గిస్తారా, పాట రికార్డు చేస్తున్నాం" అంటే టీవీ తగ్గడమే కాదు, ఇంటిల్లిపాదీ బయటికి వచ్చి మీ పక్కనే నిలబడతారు. ట్రాన్స్‌ఫార్మరును ఆపడం మీ చేతిలో లేదు. మీ మైకు కార్డియాయిడ్ రకం. ముందు వైపు శబ్దాన్ని బాగా పట్టి, వీపు వైపుది తక్కువగా పడుతుంది. దాని వీపు ట్రాన్స్‌ఫార్మరు వైపు ఉండేలా చూసుకుంటే చాలు.

భజన గురువు వస్తాడు. భుజాన తువ్వాలు, చేతిలో నూనె పట్టి నున్నబడిన చెక్కల జత. వాటిలో బిగించిన బిళ్ళలు నడుస్తుంటేనే గలగలమంటున్నాయి.

"ఏమబ్బీ, ఎప్పుడొచ్చినావు? అన్నం తిన్న్యావా?"

"తిన్నాను తాతా. మీ పాట రికార్డు చేసుకుంటాను, ఒప్పుకుంటారా?"

"చేసుకో. చేసినాంక మాకూ వినిపియ్యాల. పోయిన తూరి ఒగాయన వచ్చి ఫోన్లో పట్టుకపోయినాడు, మళ్ళా మొగం సూపీలా."

వినిపిస్తానని మాటిచ్చి పనిలోకి దిగండి. ల్యాప్‌టాప్‌కు ముందు మైకు తగిలించి, ఆ తర్వాతే ఆడాసిటీ తెరవండి. ఈ ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడే ఏ మైకులు ఉన్నాయో చూసుకుంటుంది. తర్వాత తగిలిస్తే మళ్ళీ వెతకమని చెప్పాల్సి వస్తుంది. ఆడాసిటీకి డబ్బు కట్టే పని లేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టి 2000లో జనానికి వదిలారు. పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, నేర్చుకునేవాడికి అవసరమైనవన్నీ ఇందులో ఉన్నాయి.

రికార్డింగ్ పరికరాల జాబితాలో ల్యాప్‌టాప్ సొంత మైకు, మీ యూఎస్‌బీ మైకు రెండూ ఉంటాయి. యూఎస్‌బీ దాన్ని ఎంచుకోండి. ఎంచుకున్నాక మైకు మీద వేలితో మెల్లగా గీరి చూడండి. తెరమీద మీటరు కదిలితే సరైన మైకే. ఒకే మైకు కాబట్టి మోనో చాలు. విండోస్ సెట్టింగుల్లో మైకుకు 'ఎన్‌హాన్స్‌మెంట్స్' ఉంటే తీసేయండి. అవి ఫోను సంభాషణల కోసం పెట్టినవి. సాగదీసి పట్టిన ఆలాపనను ఫ్యాను మోత అనుకుని మింగేస్తాయి.

ఆడాసిటీ అమరికల్లో 44,100 అనే అంకె కనిపిస్తుంది. మైకు ముందు గాలి ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మైకు దాన్ని కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటు ఎంత ఉందో సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెగా రాసుకోవడమే డిజిటల్ రికార్డింగు. అన్నిసార్లు ఎందుకంటే, మంచి చెవి ఉన్న మనిషి సెకనుకు 20,000 కంపనాల దాకా వినగలడు. ఒక కంపనాన్ని తిరిగి పుట్టించాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి. సీడీలకు ఈ అంకెనే ఖాయం చేశారు. వీడియోకు జోడించాలనుకుంటే 48,000 పెట్టుకోండి. ఒక్కో కొలతను ఎంత సన్నగా చూడాలన్నది బిట్లు చెబుతాయి. 16 బిట్లకు 65,536 మెట్లు, 24 బిట్లకు కోటీ అరవై ఏడు లక్షల పైచిలుకు మెట్లు. మైకు 24 బిట్లు ఇస్తే దాన్నే ఎంచుకోండి. ఎందుకు ఎంచుకోవాలో ఇంకాసేపట్లో చెక్కలే చెబుతాయి.

"తాతా, ఒకసారి గట్టిగా వాయించమనండి, చూసుకుంటాను."

ఆటగాళ్ళు గజ్జెలు కట్టుకుని వలయంగా నిలబడ్డారు. గురువు చెయ్యెత్తగానే చెక్కలు ఒక్కసారిగా కలిశాయి. మీటరు ఆ చివరిదాకా ఎగిరి ఎర్రగా నిలిచిపోయింది. గురువు గొంతు ఆకుపచ్చలోనే తచ్చాడుతోంది, చెక్కల దెబ్బ మాత్రం ప్రతిసారీ ఎరుపుకు తగులుతోంది. కంప్యూటరు లెక్కలో సున్నా డెసిబెల్ అన్నది అన్నిటికంటే పైమెట్టు. దాన్ని దాటిన శబ్దానికి అంకె లేదు. శేరు నిండా పోసిన గింజల మీద పుల్లతో గీసేస్తే పైరాశి నేలపాలైనట్టు, అల శిఖరం చదునుగా తెగిపోతుంది. తెగిన ముక్క ఫైలులోకి చేరదు, వినేటప్పుడు ఆ చోట పరపరమంటుంది.

మైకు గెయిన్ తగ్గించండి. చెక్కల దెబ్బ మైనస్ 12, మహా అయితే మైనస్ 6 దగ్గర ఆగాలి. గొంతు మరీ కిందికి పోయిందని కంగారు పడక్కర్లేదు. 24 బిట్లలో అన్ని మెట్లున్నది ఇందుకే. కిందున్న గొంతును తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. తెగిన శిఖరాన్ని మాత్రం తెచ్చుకోలేం.

ఇప్పుడు మైకు ఎక్కడ పెట్టాలి? వలయం బయట పెట్టి హెడ్‌ఫోనులో వినండి. మీ ముందు నుంచి వెళ్ళే ప్రతి ఆటగాడి చెక్కా చెవిలో పేలుతుంది, పాట ఎక్కడో దూరంగా ఉంటుంది. హార్మోనియం పక్కన పెడితే తిత్తి ఊపిరీ, మెట్ల టకటకా తప్ప ఇంకేమీ లేదు. అదృష్టం కొద్దీ ఇవాళ గురువు ఎగరడం లేదు. "మోకాళ్ళు పట్టేసినాయి, కుర్చీలో కూచోని పాడతా" అంటున్నాడు. కుర్చీ వలయం నడుమ ఉంది, ఆటగాళ్ళు దానికి ఎనిమిది అడుగుల దూరంలో తిరుగుతున్నారు. మైకును ఆయన నోటికి ఒక అడుగు దూరంలో, గడ్డానికి కొంచెం కిందగా పెట్టండి. దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి నుంచి రెండు, రెండు నుంచి నాలుగు, నాలుగు నుంచి ఎనిమిది. అంటే చెక్కలకు 18 డెసిబెల్స్ కోత ఖర్చు లేకుండా దొరికింది. ఏ సాఫ్ట్‌వేరూ ఈ పని ఇంత శుభ్రంగా చేయలేదు.

స్టాండు లేకపోతే ఖాళీ కుర్చీకి వెదురు కర్ర కట్టి, దానికి మైకు బిగించండి. ఇన్ని పాదాలు ఒకేసారి నేలను తన్నే దెబ్బ కుర్చీ కాళ్ళ గుండా మైకులోకి ఎక్కుతుంది. కాళ్ళ కింద మడత పెట్టిన తువ్వాళ్ళు పెడితే ఆ దబదబ చాలావరకు ఆగిపోతుంది. ఊపిరి కొట్టకుండా మైకుకు స్పాంజి తొడుగు వేయండి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేయండి, దాని వల్ల వచ్చే గీ అనే రొద పోతుంది. ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లో దూరంగా పెట్టండి. రికార్డు నొక్కకముందే ప్రాజెక్టుకు పేరు పెట్టి సేవ్ చేయండి. మామూలు అమరికలో మోనో రికార్డింగు నిమిషానికి పది ఎంబీలకు పైగా తింటుంది, డిస్కులో చోటుందో లేదో చూసుకోండి.

ఆర్ అక్షరం నొక్కండి. ఎర్రగీత ముందుకు పాకడం మొదలవుతుంది. ముందుగా మీ గొంతుతోనే తేదీ, ఊరు, గురువు పేరు, పాట పేరు చెప్పండి. "తాతా, ఇది రికార్డు చేసుకోవడానికి మీకు ఇష్టమేనా?" అని మళ్ళీ అడగండి. ఆయన జవాబు కూడా రికార్డులో ఉండాలి. ఆ తర్వాత అందరినీ అర నిమిషం మాట్లాడకుండా, కదలకుండా నిలబడమనండి. పిల్లలు కిసుక్కుమంటారు. గురువు కసిరి, "కడప రేడియోలో అంతే అబ్బీ, ఎర్రలైటు ఎలిగినాదంటే ఊపిరి గూడా గమ్మున పీల్చుకోవాల" అంటాడు. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రం మొదలైన నాటి నుంచి సీమ పల్లెల పాటకు అదే పెద్ద మైకు. ఈ అర నిమిషం నిశ్శబ్దంలో ఏమీ లేదనిపిస్తుంది. అందులో ట్రాన్స్‌ఫార్మరు, చోకు, కీచురాళ్ళు ఉన్నాయి. రేపు ఎడిటింగులో అత్యంత పనికొచ్చే ముక్క అదే.

పాట మొదలైంది. గురువు ఎత్తుకున్న చరణాన్ని వలయం అందుకుంటోంది. మొదట అడుగు నిదానం. చెక్కలు ఒకటి విడిచి ఒకటి పలుకుతున్నాయి. హార్మోనియంలో ఒక మెట్టు అరిగి కీచుమంటోంది, గురువు అక్కడికి రాగానే గొంతు కాస్త పెంచి దాన్ని కప్పేస్తున్నాడు. మీ చూపు మీటరు మీద, చెవి హెడ్‌ఫోనులో, చెయ్యి మాత్రం ఒళ్ళో ఉండాలి. పాట నడుమ గెయిన్ తిప్పితే ఆ మార్పు పాటలో మచ్చగా మిగులుతుంది. వేగం పెరిగింది. గజ్జెలు, చెక్కలు, అడుగులు కలిసి ఒకటే మోత. నేల నుంచి దుమ్ము లేచి ట్యూబులైటు వెలుగులో తేలుతోంది.

అంతలో కరెంటు పోయింది.

ఎవరూ ఆగలేదు. చీకట్లో చెక్కలు ఒక్క దెబ్బ కూడా తప్పకుండా పడుతున్నాయి. మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది కాబట్టి ఎర్రగీత పాకుతూనే ఉంది. హెడ్‌ఫోనులో తేడా తెలుస్తోంది. ట్రాన్స్‌ఫార్మరు గుర్రు పోయింది, చోకు రొద పోయింది, టీవీలు ఆగిపోయాయి. గురువు గొంతు చివర సన్నగా వణికే గమకం ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. మంగళం పాడేదాకా కరెంటు రాలేదు. చివరి చెక్క మోగాక వెంటనే ఆపకండి. పది సెకన్లు వదిలేస్తే ఆ మోత గుడి గోడలకు తగిలి అణిగేదాకా రికార్డవుతుంది.

రాత్రి పొద్దుపోయాక మిద్దె గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మొట్టమొదటి పని, మూల రికార్డింగును వేరే పేరుతో కాపీ తీసి పక్కన పెట్టడం. ఇక మీరు ముట్టుకునేది కాపీనే.

తెరమీద పాట బొమ్మగా ఉంది. అర నిమిషం నిశ్శబ్దం సన్నని దారం. గురువు గొంతు ఉబ్బెత్తు మేఘాలు. చెక్కల దెబ్బలు నిలువునా లేచిన ముళ్ళు. ముళ్ళు చిక్కబడిన చోట వేగం పెరిగిందని వినకుండానే చెప్పొచ్చు. ఒకసారి మొదటి నుంచి చివరిదాకా ఏమీ ముట్టుకోకుండా వినండి. దగ్గు, కుక్క అరుపు, పాట మొదలు, చరణం మార్పు ఎక్కడ వచ్చినా కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కి అక్కడ చీటీ రాసి పెట్టండి.

ఇప్పుడు కత్తిరింపు. పాటకు ముందున్న మాటల్ని మౌసుతో పట్టి, పెద్దది చేసి చూసుకుని, జెడ్ నొక్కండి. ఎంపిక అంచులు అల సున్నా గీతను దాటే చోటికి జరుగుతాయి. అల నడిమధ్యలో కోస్తే టక్కుమనే చప్పుడు మిగులుతుంది, సున్నా దగ్గర కోస్తే అతుకు తెలియదు. డిలీట్ నొక్కండి. తప్పు కోస్తే కంట్రోల్, జెడ్ ఉండనే ఉంది. చివర్లో మోత అణిగే చోట ఫేడ్ అవుట్ పెట్టండి. పాట నడుమ ఆటగాడు వేసిన కేకను మాత్రం తీయకండి. అది చెక్కభజనలో భాగమే.

నేల దబదబ ఇంకా మిగిలి ఉంటే హై-పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు గుర్రు ముఖ్యంగా 100 దగ్గర ఉంటుంది. దానికి నాయిస్ రిడక్షన్ వాడాలి. ఆ అర నిమిషం నిశ్శబ్దాన్ని ఎంచుకుని 'నాయిస్ ప్రొఫైల్' తీసుకోమనండి. ఏది రొదో ప్రోగ్రాంకు తెలిసిపోతుంది. ఆ తర్వాత కరెంటు పోకముందు నాటి భాగాన్ని మాత్రమే ఎంచుకుని వర్తింపజేయండి.  12 డెసిబెల్స్ పెట్టి వింటే రొద పోయింది, దానితోపాటు బిళ్ళల గలగల తోక కూడా పోయింది, గొంతు రేకు పెట్టెలోంచి వస్తోంది. బిళ్ళల మోత సగం రొదలాంటిదే కాబట్టి ప్రోగ్రాం రెంటినీ వేరు చేయలేకపోయింది. వెనక్కి తీసి 6 పెట్టండి. కాస్త రొద మిగులుతుంది. మిగలనివ్వండి. అది లింగాలలో వినిపించేదే.

చివరికి బిగ్గరతనం. నార్మలైజ్ చేస్తే అన్నిటికంటే ఎత్తైన ముల్లు మైనస్ ఒకటి దాకా లేస్తుంది. చెక్క ముల్లు ముందే మైనస్ 6 దగ్గర ఉంది కాబట్టి గొంతుకు దక్కేది 5 డెసిబెల్సే. చాలదు. లిమిటరుతో ముళ్ళ కొనలను నాలుగైదు డెసిబెల్స్ మెత్తగా అణిచి, ఆ తర్వాత నార్మలైజ్ చేయండి. గొంతు ముందుకు వస్తుంది. ఇంకా అణిస్తే చెక్కల దెబ్బలో పస పోతుంది, చెక్కభజన కాస్తా చప్పట్ల భజన అవుతుంది.

ఇంత శ్రమ ఎందుకని అర్ధరాత్రి మీకే అనిపించవచ్చు. ఉమ్మడి కడప జిల్లా తాళ్ళపాకకు చెందిన అన్నమయ్య సంకీర్తనలు వేల కొద్దీ తిరుమల రాగిరేకుల మీద నిలిచాయి. మాట నిలిచింది, రాగం పేరు నిలిచింది. ఆయన దాన్ని ఎలా పాడాడో నిలవలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఇరవయ్యో శతాబ్దంలో వాటికి కొత్తగా స్వరాలు కట్టాల్సి వచ్చింది. రాగిరేకు చేయలేని పనిని మీ ముందున్న పాత ల్యాప్‌టాప్ చేస్తోంది.

ఫైలు రెండు రకాలుగా బయటికి తీయండి. దాచడానికి వేవ్ లేదా ఫ్లాక్, పంచుకోవడానికి ఎంపీ3. 16 బిట్ల మోనో వేవ్ నిమిషానికి సుమారు 5.3 ఎంబీ, ఎంపీ3 అందులో చిన్న వంతు. వాట్సాప్‌లో పంపేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

తెల్లవారి గుడి అరుగు మీద చిన్న స్పీకరు పెట్టి వినిపించండి. గురువు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు. మెచ్చుకుంటాడని మీరు చూస్తుంటే, "ఒరేయ్, మూడో చరణంలో చెక్క తప్పినోడు ఎవుర్రా?" అన్నాడు. వెంటనే అరుగు మీద తగువు మొదలైంది. మళ్ళీ పెట్టమన్నారు, మళ్ళీ విన్నారు. దొరికిపోయిన కుర్రాడు నవ్వుతూ తల దించుకున్నాడు. చీకట్లో వాళ్ళు అనుకున్నంత సక్రమంగా ఏమీ పడలేదన్నమాట. రికార్డింగు బాగా వచ్చిందనడానికి ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

పెన్‌డ్రైవులో పాట వేసి గురువు చేతికివ్వండి. మీ దగ్గర మూడు ప్రతులు ఉంచుకోండి. ల్యాప్‌టాప్‌లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, మరో ఊళ్ళోనో క్లౌడ్‌లోనో ఒకటి. ఫైలు పేరులోనే తేదీ, ఊరు, పాట ఉండాలి. 'న్యూ రికార్డింగ్ 7' అని వదిలేసిన పాట ఉన్నా లేనట్టే. ఖరీదైన మైకు కొన్నాక చేద్దామని ఆగకండి. మీ ఊళ్ళో చెక్కభజన గురువుకు, తిరగలి పాట పాడే అవ్వకు అంత వ్యవధి ఉండకపోవచ్చు. ఉన్న మైకును నోటికి దగ్గరగా, గెయిన్ తక్కువగా పెట్టి ఈ వారమే రికార్డు చేయండి.